మాత్ర కరిగేదాకా

ఖమీస్ ముషైత్,
12 జనవరి 2026

అల్లుడుగారు దానం గారికి మీ అత్త సువార్తమ్మ రాసుకునేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలెట్టాలంట ఉత్తరం. నేను మొదలెట్టను. మీ క్షేమం తెలిసేదాకా నా క్షేమం నాకెలా తెలుస్తుంది? ఆ మాట అట్టే పెట్టాను, తర్వాత రాస్తాను.

అల్లుడికి ఉత్తరం రాసే రోజొస్తుందని ఎప్పుడూ అనుకోలేదండి. మా అమ్మ మీ మావయ్యగారి ఎదర కుర్చీలో కూర్చుని ఎరగదు. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి నాతో చెప్పేది, నేను ఆయనతో చెప్పేదాన్ని. ఆయన అక్కడే కూర్చుని అంతా వింటున్నా సరే. నేను మరీ అంత కాదు గానీ, ఈ ఏడేళ్ళలో మీ ముందు గట్టిగా ఆవులించి కూడా ఎరగను. అలాంటిదాన్ని, ఇప్పుడు అడగాల్సిన సంగతేంటో తల్చుకుని రాసిన కాయితం రెండుసార్లు చింపేసాను. చివర్లో అడుగుతాను.

మొన్న శుక్రవారం కీర్తన వీడియోలో మిమ్మల్ని చూపించింది. జనవరి నెలండి ఇది. ఇక్కడ కొండ చలికి నేను రెండు స్వెట్టర్లేసుకుని పిల్లకి జడేస్తున్నాను. మీరేమో నూతిలోంచి లేచొచ్చినట్టున్నారు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అడిగితే "ఏసీ పాడైందండి" అన్నారు. మీ వెనకాల ఒకాయన మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఏసీ పాడై ఉక్కపోసే గదిలో దుప్పటి ఎవరు కప్పుకుంటారండి?

లీలనడిగాను. "ఆ మాత్రకి చెమటలు పడతాయమ్మా, మలబద్ధకం ఉంటుంది, కొన్నాళ్ళు మగతగా ఉంటుంది. సర్దుకుంటుంది. ఆయన్ని నేనడిగితే అంతా బాగుందంటున్నారు. నువ్వు కలగజేసుకోకు" అని డ్యూటీకి పోయింది. నర్సు కదా, దానికన్నీ సర్దుకుంటాయి. నాకేవీ సర్దుకోవు.

పరంజా మీంచి పడ్డప్పుడు మీ నడుం విరిగిందనుకున్నాం. నడుం విరగలేదు, నొప్పి బిళ్ళలు మిమ్మల్ని విరిచాయి. డాక్టరిచ్చినవి అయిపోయాక వర్క్‌షాపులో ఎవడో ఇచ్చినవి, ఆ తర్వాత అవి లేకపోతే లేచి నిలబడలేకపోవడం, అంతా లీల చెప్పింది. రియాద్‌లో ఆసుపత్రి వెతికి చేర్పించిందీ అదే, దగ్గరగా ఉంటారని సులైలో ఆ గోడౌన్ పని చూసిందీ అదే. దాని తెలివిని నేను కాదన్ను. కానీ బిళ్ళలు మింగి పాడైన మనిషికి ఆ అలవాటు మాన్పించడానికి మళ్ళీ మాత్రేంటండి? నాకది కొరుకుడు పడట్లేదు.

ఫోన్లో అడుగుదామంటే మీ గదిలో ఎనిమిది మంది. నా గొంతు వాయిస్ మెసేజీలో చర్చి మైకులా మోగుతుందని కీర్తన నవ్వుతుంది. మత్తు అన్న మాట ఒక్కటి ఎవడి చెవిన పడ్డా మీ మేనేజరు ముదీరుకి చేరిపోతుంది, వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇండియాకి పంపేస్తారు. అందుకని ఈ ఉత్తరం. సండేస్కూల్లో నేర్చుకున్న అక్షరాలు, తప్పులుంటే మన్నించండి. కింద వాటాలో ఉండే సాయికుమార్ ట్రెయిలర్ బండి వారం వారం సులై గోడౌన్లకి వస్తుంది, వాడి చేత పంపుతున్నాను. వాడు బొంబాయిలో చదివాడు, తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. ఆ ధైర్యం.

ఇక ఆ సంగతి. మీకు... పొద్దున్నే... అవుతోందాండి? ఇంతకన్నా రాయలేను.

ఒక సీసా ఆముదం, సునాముఖి పొడి, కరక్కాయ పొడి, ఎండు అత్తిపళ్ళు పంపుతున్నాను. వాడుకోండి. లీలకి చెప్పొద్దు.

మీ అత్త
సువార్తమ్మ


సులై,
23 జనవరి 2026

అత్తయ్యగారికి దానం వందనాలండి.

మీ ఉత్తరం బాత్రూంలో నించుని చదివాను. ఈ గదిలో ఏకాంతం అక్కడే దొరుకుతుంది, అదీ ఎవరో తలుపు కొట్టేదాకా. ఏసీ సంగతి అబద్ధమేనండి. క్షమించండి. ఏసీ బ్రహ్మాండంగా ఉంది, పాడైంది నేనే.

ఈ జవాబు ఎప్పుడు రాస్తున్నానో చెప్తే నవ్వుతారు. ఆ మాత్ర మింగేది కాదండి. నాలిక కింద పెట్టుకోవాలి. కరిగేదాకా మాట్లాడకూడదు, గుటకెయ్యకూడదు, నీళ్ళు తాగకూడదు. వేపాకు నవిలినట్టు చేదు. కరిగాక నీళ్ళు నోట్లో తిప్పి మింగెయ్యాలి, గంటదాకా బ్రష్ పెట్టకూడదు, లేకపోతే పళ్ళు పాడవుతాయంట. పొద్దున్నే డ్యూటీకి ముందు పై మంచం మీద నోరు మూసుకుని కూర్చుంటాను. ఇవాళ ఊరికే కూర్చోకుండా మీకు రాస్తున్నాను. నోటికి పని లేదు, చేతికుంది.

కింద మంచం నర్సింలుది. జగిత్యాల మనిషి. రోజూ టీ గ్లాసు పట్టుకుని పైకి చూసి అడుగుతాడు: "ఏందే దానమన్నా, పొద్దుగాల్నే మౌనవ్రతమా? రియాద్‌ల స్వామివి గిట్ల అయితవా ఏంది?" నేను తల ఊపుతాను. "సరే తియ్, స్వాములోరు చాయ్ తాగరు" అని నా గ్లాసు కూడా తాగేస్తాడు. వాడికి సంగతి తెలుసో లేదో నాకు తెలీదు.

మీరడిగినదానికి జవాబండి. అవలేదు. ఎప్పుడో వారానికోసారి, అదీ రాయి దొర్లించినట్టు. ఇంతలో మీ పొట్లాలొచ్చాయి. అన్నీ తీసుకున్నాను. ఆముదం సీసా ఒక్క దమ్ముకి తాగేసాను. పొడులు రెండూ పెద్ద చెంచాతో. అత్తిపళ్ళు కూడా మిగల్చలేదు.

గోడౌన్లో నా పని పెట్టెల మీద చీటీలంటించడం. ఆ మర్నాడు చీటీ ఒక పక్కకి, నేనొక పక్కకి. ముదీరు "వేన్ దానం? వేన్ దానం?" అని వెతుక్కోవడమే. మనిషెక్కడ అని వాళ్ళ భాషలో. ఎక్కడున్నానో ఎలా చెప్పనండి? మూడ్రోజులు కాళ్ళలో సత్తువ లేదు.

అంటే ఈ మాత్ర ఎదురు తిరిగిందన్నమాట. మొన్నటిదాకా బిగేసింది, ఇప్పుడు వదిలేసింది. ఒంటికి పడట్లేదు, మానేద్దామా అనిపిస్తోంది. లీలకి చెప్పకండి. తను నా కోసం ఇప్పటికే

మాత్ర కరిగిందండి. ఉంటాను.

దానం


ఖమీస్ ముషైత్,
3 ఫిబ్రవరి 2026

దానం గారూ,

ఆముదం తాగారా! అది పొట్ట మీద రాసుకోడానికండి! సీసా మూతకి మెత్తటి గుడ్డ చుట్టి పంపాను కదా, దేనికనుకున్నారు ఆ గుడ్డ? పొడులు కూడా ఒకటి పనిచెయ్యకపోతే రెండోది అని రెండు పంపాను. గేదెకి కూడా ఎవరూ అంత పట్టరు. బతికున్నారు, దేవుడి దయ.

మాత్ర ఎదురు తిరగలేదండి. నేను తిప్పాను. దాని మీద నింద వెయ్యకండి.

సాయికుమార్ చెప్పాడు. పొట్లం అందుకుని మీరన్నారంట, "అత్తగారు పంపింది మిగల్చకూడదు" అని. అది విన్నాక నాకు నిద్ర లేదు. ఆ వర్క్‌షాపులోవాడు మొదటి బిళ్ళ చేతిలో పెట్టినప్పుడు కూడా ఇలాగే మర్యాదకి పుచ్చుకున్నారంట కదా. కాదనడం రాదా మీకు? పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు నేను కంగార్లో పాయసంలో పంచదారకి బదులు ఉప్పేసాను. మీరు కిమ్మనకుండా తిని, మళ్ళీ వేయించుకున్నారు. తర్వాత లీల నోట్లో పెట్టుకుంటే గానీ మాకు తెలీలేదు. ఎంత మంచి అల్లుడో అని మా లంక ఊరంతా చెప్పుకున్నాను నేను. ఇప్పుడది గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తోంది.

ఇంకో పని చేసాను. మీకు కోపమొస్తుందేమో. శుక్రవారం ఇక్కడ ఒకళ్ళింట్లో కర్టెన్లేసుకుని మనవాళ్ళు ప్రార్థన పెట్టుకుంటారు కదా. మీ పేరెత్తకుండా "ఒక బిడ్డ కోసం" అని ప్రార్థన అడిగాను. ఖమీస్‌లో నాకెంతమంది బిడ్డలున్నారు గనక! కూటం నడిపించే ఇస్సాక్ అన్నకి ఇట్టే తెలిసిపోయింది. పక్కకి పిలిచి అడిగాడు, చెప్పేసాను. పెద్ద ఇంజినీరు, వాక్యం తెలిసిన మనిషి. "అమ్మా, ఒక సంకెల తీసి ఇంకో సంకెల వేసుకుంటే అది విడుదలవుతుందా?" అన్నాడు. ఈ ఏడు మన నలభై రోజుల శ్రమదినాలూ వీళ్ళ రంజానూ ఒక్క రోజే మొదలంట, పద్దెనిమిదో తారీకు. ఆ రోజు నుంచి మిమ్మల్ని ఉపవాసముండి మాత్ర వదిలెయ్యమన్నాడు. పునరుత్థాన పండగ, అదే ఈస్టరునాడు, దేవుడు విడిపించాడని వీడియోలో సాక్ష్యం చెప్పాలంట.

ఆయన చెప్తుంటే అదే నిజమనిపించింది. ఇంటికొచ్చి లీల మొహం చూస్తే అది చెప్పిందే నిజమనిపించింది. నా బుర్ర గోదాట్లో పడవలా అటూ ఇటూ. మీరు లీలని అడగండి. నన్నడగొద్దు.

అత్తిపళ్ళు ఈసారి కొంచెమే పంపుతున్నాను. పూటకొకటి. ఒకటి!

మీ అత్త
సువార్తమ్మ


సులై,
20 ఫిబ్రవరి 2026

అత్తయ్యగారికి,

ఇస్సాక్ అన్న ఫోన్ చేసారండి. అంత పెద్దాయన నా కోసం అంతసేపు మాట్లాడారు. సరేనన్నాను.

బుధవారం నుంచి మాత్ర సగానికి విరిచి వేసుకుంటున్నాను. తక్కిన సగం కాయితంలో చుట్టి పెట్టెలో పెడుతున్నాను. రంజాను కదా, పగలు నలుగురి ముందు నీళ్ళు తాగడానికి లేదు. గదికెళ్ళి తాగొచ్చు గానీ, ఉపవాసమని అదీ మానేసాను.

చెమటలు రెట్టింపయ్యాయి. నిద్ర లేదు. ఆవలింతలు, ముక్కు నీళ్ళు. కాళ్ళు వాటంతటవే తన్నుకుంటున్నాయి. "పైన గుర్రాన్ని కట్టేసిండ్రా ఏందే?" అంటున్నాడు నర్సింలు. విడుదలకి ముందు శోధన ఇలాగే ఉంటుందన్నారు ఇస్సాక్ అన్న. మీరడిగే ఆ సంగతి ఇప్పుడు అడక్కండి.

లీలకి చెప్పకండి. సగం మాత్రకి సగం ఉత్తరమే వస్తుంది. కరిగిపోయింది.

దానం


ఖమీస్ ముషైత్,
1 మార్చి 2026

దానం గారండీ,

కవరు చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా తగిలింది. గుమ్మంలోనే చింపి చదివాను.

నిన్న లీలని చుట్టు తిప్పి అడిగాను. "డాక్టరిచ్చిన మాత్ర మనిషి తనంతట తను సగం చేసుకుంటే ఏమవుతుందే?" అన్నాను. చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. "ఎవరమ్మా ఆ మనిషి?" అంది. "సీరియల్లోనే" అన్నాను. "ఏ సీరియల్?" అంది. పాలు పొంగుతున్నాయని లోపలికి పోయాను. పొయ్యి మీద పాలే లేవు. మీరేమో చెప్పొద్దంటారు, నాకేమో దాచడం చేతకాదు. ఎలా చచ్చేది?

శుక్రవారం ఇస్సాక్ అన్న "మన మధ్యనున్న ఒక కుటుంబంలో అద్భుతం మొదలైంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చప్పుడులో నాకు మీ కాళ్ళు మంచాన్ని తన్నడం వినబడింది. లేచి చెబుదామనుకున్నాను. లేవలేదు. మగాళ్ళ ముందు, చదువుకున్నవాళ్ళ ముందు మాట్లాడిన మనిషిని కాను నేను. చెప్పులు విడిచే చోట కూర్చుంటాను, ప్రార్థన అవగానే టీ కప్పులు కడుగుతాను. అంతే నాకు తెలిసిన సేవ.

నా చేతిలో ఉన్నదొక్కటే చేస్తున్నాను. మీ మావయ్యగారు పోయినప్పుడు ఏలూరు డాక్టరు నాకు నిద్రమాత్రలు రాసాడు. అవి ఇక్కడికి తెచ్చుకున్నాను. ఒక అట్ట మీకు పంపుతున్నాను, నిమ్మకాయ పచ్చడి డబ్బా అడుగున కవర్లో చుట్టి పెట్టాను. మంచి మాత్రలండి. వేసుకున్నానంటే చచ్చినట్టు నిద్రపోతాను. నావి కాస్త ముందుగా అయిపోతాయి, పోనీండి. ఇవైనా మీ కాళ్ళని ఆపితే అదే పదివేలు.

మీ అత్త
సువార్తమ్మ


సులై,
13 మార్చి 2026

అత్తయ్యగారికి వందనాలు.

ఇది రెండు రోజుల మాత్రల ఉత్తరమండి. నిండు మాత్రలు.

మీ పచ్చడి డబ్బా వచ్చిన సాయంత్రం మసీదులో బాంగు అయ్యాక గదిలో కొందరు ఉపవాసం విప్పుతున్నారు. పక్క వర్క్‌షాపు మనిషొకడు లోపలికొచ్చాడు. నాకు పరిచయం లేదు. ఇలాంటివాళ్ళకి ఎలా వాసన తగులుతుందో మరి. నా కాళ్ళ వంక చూసాడు, ముక్కు తుడుచుకోవడం చూసాడు. నవ్వి, జేబులోంచి క్యాప్సూల్ తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒక్కటేలే, రంజాను కానుక అన్నాడు. పాత రకమే. చూడగానే నోట్లో నీళ్ళూరాయి.

రెండో చేతిలో మీ నిద్రమాత్రల అట్ట ఉంది. అప్పుడే పచ్చడి డబ్బాలోంచి తీసాను. రెండూ వేసుకుంటే కాళ్ళు ఆగుతాయి, నిద్ర పడుతుంది. నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. రెండూ ఎవరో పిలిచి ఇచ్చినవే కదా.

అప్పుడు మీరు గుర్తొచ్చారండి. పాయసంతో కాదు, ఆ మాటతో. కాదనడం రాదా మీకు?

"వద్దు" అన్నాను. తెలుగులో. వాడికి అర్థం కాలేదు, ఇంకొకటి తియ్యబోయాడు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది, "వద్దన్నానా!" అని అరిచాను. నర్సింలు పళ్ళెం వదిలేసి లేచాడు. "వద్దంటుండు గదరా! నహీ బోలా! చల్, బాహర్!" అని వాణ్ణి గుమ్మం దాటించి తలుపేసాడు. నా చేతిలోది లాక్కుని బాత్రూం తూములో పారేసాడు.

తర్వాత నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "నాకెరికేనే అన్నా. మా పెద్దన్న మందుకల్లు ఒక్కపారే బంద్ వెట్టి పిచ్చి లేసి ఉరికిండు. గీ కాళ్ళు నేను సూసినయే. నడువ్, పొద్దుగాల దవాఖానకు పోదాం." పొద్దున్నే ట్యాక్సీ పిలిచి వాడే తీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ నేను దాచుకున్నది నా పక్కన కూర్చుని నా టీ తాగిందన్నమాట.

డాక్టరు ఫౌజియా గారిది లాహోరు. ఉర్దూలో తిట్టారు. సగం చేసుకుంటే విడుదల కాదంట, ఒళ్ళు పాత బిళ్ళ కోసం ఏడవడం మొదలెడుతుందంట. ఆ ఏడుపులో పాత లెక్కన మింగేస్తే, ఈ ఒళ్ళు ఇప్పుడు అంత తట్టుకోదు, ఊపిరి ఆగిపోతుంది. దానికి నిద్రమాత్ర తోడైతే ఇక లేవడం ఉండదు. మీ అట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు తీసేసారు. "ఎవరిచ్చారు?" "మా అత్తగారండి." "ఆప్ కీ సాస్ ఆప్ సే నారాజ్ హై క్యా?" మీ అత్తగారికి మీ మీద కోపమా అని. "కాదండి, ప్రేమ" అన్నాను. నర్సింలు గోడ వైపు తిరిగి నవ్వాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ అడిగారు. ఆడమనిషి, నా మొహం మీదే, ఆ సంగతి కూడా. ఇన్నాళ్ళూ వెళ్ళిన ప్రతిసారీ "సబ్ ఠీక్" అని మాత్రలు తీసుకుని వచ్చేసేవాణ్ణి. నేను చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? నీళ్ళలో కలుపుకునే పొడి రోజూ తాగమన్నారు, అది కొన్నాళ్ళ మందు కాదు, మాత్ర ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఉపవాసం ఆపి నీళ్ళు బాగా తాగాలి, నడవాలి. చెమటలు తగ్గకపోతే మోతాదు తనే సర్దుతానన్నారు, నేను విరవకూడదు. పళ్ళు చూపించుకోమని చీటీ రాసారు. పెట్టెలో దాచిన సగాలూ, మీ అట్టా అక్కడే అప్పగించేసాను.

అత్తయ్యగారూ, ఈ ఏడేళ్ళలో మీరిచ్చింది మొదటిసారి వద్దన్నాను. మీకు కోపమొస్తే రానివ్వండి.

లీలకి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏమందో తననే అడగండి. ఇస్సాక్ అన్నకే ఇంకా చెప్పలేకపోతున్నాను. మూడుసార్లు నంబరు నొక్కి ఆపేసాను.

కరిగింది.

దానం


ఖమీస్ ముషైత్,
28 మార్చి 2026

దానం గారికి,

ఇక్కడ అందరం క్షేమం. చూసారా, ఈ మాటు రాసాను.

కోపమా! మీరు వద్దన్నారని చదివి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, పిల్ల లేస్తుందని. నా చేత్తో, పచ్చడి డబ్బాలో పెట్టి, మీకు... ఆ మాట రాయను. లీల నా దగ్గరున్న మిగతా అట్టలు కూడా లాక్కుంది. నన్నేమీ అనలేదు. మిమ్మల్నే అంది. "ఊరందరి బెడ్‌ప్యాన్లూ మోసాను, కట్టుకున్నోడికి నా దగ్గర సిగ్గా?" అంది. ఆ తర్వాత వంటింట్లోకెళ్ళి గిన్నెలన్నీ, కడిగినవి కూడా, మళ్ళీ కడిగింది. ఏడ్చిందని నేను మీకు చెప్పలేదు.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. కూర్చుని చదవండి.

నిన్న శుక్రవారం కూటంలో ఇస్సాక్ అన్న నిలబడి, పండగ తెల్లవారుజామున దానం సాక్ష్యం చెప్తాడు, మాత్ర పూర్తిగా విడిచిపెట్టాడు అన్నాడు. పేరు పెట్టి. అందరూ చప్పట్లకి చేతులెత్తారు. నేను చెప్పుల దగ్గరే ఉన్నాను, కీర్తన ఒళ్ళో ఉంది.

"మానలేదండి" అన్నాను.

నా గొంతేనా అని నేనే అటూ ఇటూ చూసాను. చేతులన్నీ గాల్లో ఆగిపోయాయి.

"ఏంటమ్మా?" అన్నాడు.

"మా అల్లుడు మాత్ర మానలేదు. మానడు. డాక్టరు మానమన్న రోజున మానతాడు. మీ మాట విని సగం చేసినందుకే చావు గుమ్మందాకా వెళ్ళొచ్చాడు."

"అమ్మా, విశ్వాసం ఉన్నచోట..."

"అన్నా, పోయినేడు మీ గుండెలో స్ప్రింగేసారు కదా. రక్తం పలచబడ్డానికి రోజూ బిళ్ళేసుకుంటారు కదా. ఆ స్ప్రింగు తీయించి ఇదిగో ఈ బల్ల మీద పెట్టండి, ఆ బిళ్ళలు కూడా. అప్పుడు మా అల్లుడి మాత్ర నేనే పట్టుకెళ్ళి పారేస్తాను."

 కీర్తన తలెత్తి "అమ్మమ్మా, ఇస్సాక్ తాతయ్యలో స్ప్రింగుందా? బొమ్మల్లోలాగా?" అంది. లీలతో పనిచేసే వీణ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగడం నాకు కనబడింది.

"అది గుండెజబ్బమ్మా, ఇది వేరు" అన్నాడాయన.

"ఏం వేరు? మీదైతే జబ్బూ, మాదైతే పాపమానా? నేను షుగరు బిళ్ళ వేసుకుంటున్నాను ఎన్నో ఏళ్ళుగా. ఎప్పుడు మానతావు సువార్తమ్మా, ఎప్పుడు సాక్ష్యం చెప్తావని ఎవరూ అడగలేదే? సంకెల కాదన్నా అది, చేతికర్ర. నడుం విరిగినోడి చేతిలోంచి కర్ర లాక్కుని నడవమనడం ఏ వాక్యంలో ఉందో చూపించండి. నాకు పెద్ద చదువు లేదు, మీరే చదివి పెట్టండి."

ఇంత మాటా నేనే అన్నానండి.  టీ కప్పులు కడగలేదు నిన్న. మొదటిసారి.

అప్పట్నుంచీ ఒకటే బెంగ. మనల్ని కూటంలోకి రానిస్తారో లేదో. లీల డ్యూటీకి ఏమైనా అడ్డొస్తుందేమో. నా విజిటింగ్ వీసా పొడిగింపుకి ఇస్సాక్ అన్నే కదా సాయం చేసింది, అదేమవుతుందో. ఆయన గుండె మనిషి, నా మాటకి ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది? బీపీ చూడమంటే లీల "అమ్మా, ఎక్కువుంది" అని నవ్వింది. ఎక్కువుంటే ఉండనీ. ఆ మాటలు మాత్రం వెనక్కి తీసుకోను. పంపించేస్తే పోతాను, ఎయిర్‌పోర్టులో కూడా ఇదే చెప్తాను.

మీ తరఫున మాట్లాడాననుకోకండి. మీ సంగతి కూటంలో వేసింది నేనే, అందుకని నా తరఫున మాట్లాడాను. మీది మీరు మాట్లాడుకోండి. ఆ నంబరు నాలుగోసారి నొక్కండి.

నర్సింలు బాబుకి నా దీవెనలు. మీ టీ తాగినా ఫర్వాలేదు.

కొత్త నిమ్మకాయ పచ్చడి పంపుతున్నాను. అడుగున ఏమీ లేదు, గరిటె పెట్టి కెలికి చూసుకోండి. మనసెక్కడో పెట్టుకుని కలిపాను, ఎలా ఉందో. బాగోకపోతే బాగోలేదని రాయాలి. మర్యాదకి తిన్నారని తెలిసిందో, ఊరుకోను.

ఇక "ఆ సంగతి" అని రాయను. విరేచనం సాఫీగా అవుతోందా లేదా? రాసేసాను. ఏమీ అవలేదు, ఆకాశం విరిగి పడలేదు.

మీ అత్త
సువార్తమ్మ


సులై,
5 ఏప్రిల్ 2026
తెల్లవారుజాము

అత్తయ్యగారికి,

గోడౌన్ మేడ మీద నీళ్ళ ట్యాంకుల పక్కన కూర్చుని రాస్తున్నాను. నాలిక కింద మాత్ర ఉంది. ఎదురుగా ఫోను గోడకి ఆనించాను. ఖమీస్‌లో మీరంతా కూర్చుంటున్నారు, కుర్చీలు లాగే చప్పుడు వినబడుతోంది. కీర్తన "నాన్నా" అని పిలుస్తోంది. చెయ్యి ఊపాను. నోరు తెరవలేను కదా.

నంబరు నొక్కానండి. ఇస్సాక్ అన్నతో చెప్పాను, "మాత్ర వేసుకునే వచ్చి సాక్ష్యం చెప్తానన్నా. మానేసానని చెప్పమంటే చెప్పను" అని. డాక్టరు ఏమన్నారో అడిగారు, చెప్పాను.  చివరికి "రా" అన్నారు. ఆ పైన "మీ అత్తగారితో చెప్పు, స్ప్రింగు లోపలే ఉంది" అన్నారు. నవ్వారో లేదో నాకు తెలీలేదు.

ముదీరు మనుషులెవరైనా మెట్లెక్కి వస్తారేమోనని నర్సింలు మెట్ల మీద టీ పెట్టుకుని కూర్చున్నాడు. "స్వాములోరు ఉపన్యాసమిస్తుండు, ఎవ్వలు రావద్దు" అంటాడంట. వస్తే రానీ అన్నాను నేను.

విరేచనం సాఫీగానే అవుతోందండి. చెమటలున్నాయి, సగానికి తగ్గాయి. ఒక పన్ను పీకారు. నిద్ర పడుతోంది.

పచ్చడి అందింది. ఉప్పు కషాయం. ఒక్క ముద్ద తిని పక్కన పెట్టేసాను, ఇంక తినను. ఈసారి తగ్గించి వెయ్యండి.

అక్కడ పాట అయిపోయింది. లీల ముందుకొచ్చి కూర్చుంది. మీరెక్కడా కనబడట్లేదు, మళ్ళీ చెప్పుల దగ్గర కూర్చున్నారా? లేచి ముందుకి రండి, లీల పక్కన కుర్చీలో కూర్చోండి.

మాత్ర కరిగింది. నోరు తెరుస్తున్నాను.

మీ అల్లుడు
దానం